గీజర్ వేడెక్కడం లేదా? మెకానిక్‌ని పిలిచే ముందు ఇవి చెక్ చేయండి

ఫోన్ హ్యాంగ్ అయితే సెట్టింగ్స్ అన్నీ వెతికేస్తాం. గీజర్ ఆగితే మాత్రం నేరుగా మెకానిక్‌కి ఫోన్ చేస్తాం. చలికాలంలో మా జవహర్‌నగర్ వైపు మెకానిక్ దొరకాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోపు సమస్య ఎక్కడుందో మనమే చాలావరకు కనిపెట్టొచ్చు. నేను సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికినట్టే ఒక్కో భాగం తీసేస్తూ వెళ్తాను. మామూలు స్టోరేజ్ గీజర్‌కి అదెలాగో చూద్దాం.

ముందు లోపల ఏముందో తెలుసుకోండి

నీళ్లను వేడి చేసేది ఎలిమెంట్. సెట్ చేసిన వేడి రాగానే కరెంటు ఆపేది థర్మోస్టాట్. థర్మోస్టాట్ ఫెయిలై నీళ్లు అతిగా మరిగితే సప్లై కట్ చేసేది థర్మల్ కటౌట్. ట్యాంకులో ప్రెషర్ పెరిగితే బయటికి వదిలేది సేఫ్టీ వాల్వ్. చివరి రెండూ మన ప్రాణాల కోసం ఉన్నవి.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు రావాలంటే సుమారు 0.6 యూనిట్ కరెంటు కావాలి. అంటే 2000 వాట్స్ ఎలిమెంట్‌కి దాదాపు 20 నిమిషాలు. అరగంటైనా నీళ్లు గోరువెచ్చగానే ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

1. లైట్ చూడండి

చాలా మోడల్స్‌లో హీటింగ్ లైట్ ఎలిమెంట్‌తో పాటే వెలుగుతుంది. లైట్ వెలుగుతోంది, నీళ్లు మాత్రం చల్లగా ఉన్నాయంటే ఎలిమెంట్ పోయి ఉండొచ్చు, లేదా దాని వైరు ఊడి ఉండొచ్చు. నీళ్లు చల్లగా ఉన్నా లైటే రాకపోతే సప్లై, థర్మోస్టాట్, కటౌట్‌లను అనుమానించాలి. 2000 వాట్స్ గీజర్ దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది కాబట్టి 16 ఆంప్స్ సాకెట్ తప్పనిసరి. ప్లగ్ పిన్నులు నల్లబడినా, కాలిన వాసన వచ్చినా ముందు సాకెట్ మార్పించండి.

2. ఏది ట్రిప్ అవుతోంది?

ఎంసీబీ పడిపోతే షార్ట్ సర్క్యూట్ లేదా ఓవర్‌లోడ్. ఆర్‌సీసీబీ పడిపోతే కరెంటు ఎర్త్‌కి లీక్ అవుతోందని అర్థం. ఇళ్లలో పెట్టేవి సాధారణంగా 30 మిల్లీఆంప్స్ లీకేజీకే ఆపేస్తాయి. గీజర్ ఆన్ చేసినప్పుడే పడుతోందంటే ఎలిమెంట్ పగిలి నీళ్లలోకి కరెంటు వస్తుండొచ్చు. మళ్లీ మళ్లీ పైకెత్తి "ఈ ఒక్కసారికి స్నానం చేసేద్దాం" అనుకోకండి. ప్లగ్ తీసేయండి.

3. ఎలిమెంట్ టెస్ట్

మల్టీమీటర్ వాడటం వచ్చినవాళ్లకే ఇది. ఎంసీబీ ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, ఆ తర్వాతే కవర్ తెరవండి. ఎలిమెంట్ వైర్లు విడదీసి దాని రెండు టెర్మినల్స్ మధ్య చూస్తే 2000 వాట్స్‌కి సుమారు 26 ఓమ్స్ రావాలి. ఓపెన్ చూపిస్తే ఎలిమెంట్ పోయింది. టెర్మినల్‌కీ బాడీకీ మధ్య మాత్రం ఓపెనే చూపించాలి. ఏ కొంచెం రీడింగ్ వచ్చినా లీకేజీ ఉన్నట్టే.

4. గురగుర శబ్దం వస్తోందా?

అది బోరు నీళ్ల పని. కుళాయిల మీద కనిపించే తెల్లటి పొరే ట్యాంకులో ఎలిమెంట్ మీదా పేరుకుంటుంది. అప్పుడు వేడి నీళ్లలోకి సరిగా దిగక ఎలిమెంట్ కాలిపోతుంది. బోరు నీళ్లు వాడేవాళ్లు ఏడాదికోసారి ట్యాంకు క్లీన్ చేయించి, తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం యానోడ్ రాడ్ కూడా చూపించండి. అరిగిపోతే కొత్తది వేయించాలి. క్లీనింగ్ అయ్యాక వేడి నీళ్ల కుళాయిలో నీళ్లు ధారగా వచ్చేవరకు స్విచ్ వేయొద్దు.

సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడితే కంగారు వద్దు. 15 లీటర్లు ఆ మేరకు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తాయి, అవే బయటికొస్తాయి. గీజర్ ఆఫ్‌లో ఉన్నా కారుతూనే ఉంటే మాత్రం చూపించాలి. కారుతోందని వాల్వ్‌ని మూసేయించకండి.

"డైరెక్ట్" చేయనివ్వకండి

మా ఇంట్లో కటౌట్ తరచూ పడిపోతుంటే వచ్చిన మెకానిక్, "డైరెక్ట్ చేసేస్తా అన్నా, మళ్లీ ప్రాబ్లం రాదు" అన్నాడు. అంటే కటౌట్‌ని తప్పించి వైర్లు కలిపేయడం. నేను వద్దని థర్మోస్టాట్ చెక్ చేయమన్నాను. అసలు పోయింది అదే. కొత్తది వేశాక కటౌట్ మళ్లీ పడలేదు. ఆ రోజు డైరెక్ట్ చేసి ఉంటే నీళ్లు మరుగుతూనే ఉండేవి. దానికి తోడు సేఫ్టీ వాల్వ్ కూడా సున్నంతో మూసుకుపోతే ట్యాంకు పేలే ప్రమాదం ఉంది.

కాబట్టి రిపేర్ అయ్యాక మెకానిక్‌ని మూడు అడగండి: పాత పార్ట్ చూపించమనండి, కటౌట్ కనెక్షన్‌లోనే ఉందా అని అడగండి, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూపించమనండి. బటన్ నొక్కగానే ఆర్‌సీసీబీ పడాలి. పడకపోతే గీజర్ కంటే ముందు దాన్ని మార్పించండి.