కరెంటు పోతే ఇంకేమేం ఆగుతాయి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. వేల విద్యుత్ స్తంభాలు నేలకూలాయి. చీకటిని జనం ఎలాగో భరించారు. అసలు కష్టం దాని వెనుక వచ్చింది. కరెంటు లేకపోతే నీటి పంపు తిరగదు. సెల్ టవరు బ్యాటరీ కొన్ని గంటలే నిలుస్తుంది, ఆ తర్వాత జనరేటరుకు డీజిల్ పోయాలి. డీజిల్ తేవాలంటే దారికి అడ్డం పడిన చెట్లు తీయాలి, బంకులో పంపు పనిచేయాలి. ఆ పంపుకూ కరెంటే దిక్కు! లైను ఎక్కడ తెగిందో లైన్‌మన్‌కు చెప్పాలన్నా ఫోను కలవాలి.

గాలివాన చేసే ఈ పని మనుషులూ చేయగలరు. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో హ్యాకర్లు మూడు విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లలో చొరబడి, దూరం నుంచే సబ్‌స్టేషన్ల బ్రేకర్లు తెరిచేశారు. సుమారు 2.25 లక్షల మంది వినియోగదారులకు సరఫరా ఆగింది. ఫిర్యాదులు అందకుండా కాల్ సెంటరును దొంగ కాల్స్‌తో నింపారు. అయినా కొన్ని గంటల్లోనే కరెంటు వచ్చింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో వేశారు. అంతా కంప్యూటరుకే వదిలేసి ఉంటే ఆ వీలుండేది కాదు.

అందుకే రక్షణ అంటే దెబ్బ తగలకుండా చూడటం ఒక్కటే కాదు, తగిలిన దెబ్బ పక్కకు పాకకుండా ఆపడం కూడా. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో ఒక కంప్యూటరుకు మాల్‌వేర్ సోకింది. అది పాలనా పనులకు వాడేదని, కేంద్రాన్ని నడిపే వ్యవస్థ వేరుగా ఉండటంతో దానికేమీ కాలేదని అణు విద్యుత్ సంస్థ ప్రకటించింది. ఇలాంటి కీలక కంప్యూటరు వ్యవస్థల కోసం కేంద్ర ప్రభుత్వం 2014లోనే ఎన్‌సీఐఐపీసీ అనే ప్రత్యేక సంస్థను పెట్టింది.

హుద్‌హుద్ తర్వాత విశాఖలో భూగర్భ కేబుళ్లు వేయడం మొదలైంది. వాటిని గాలి తాకలేదు. కానీ ఖర్చు ఎక్కువ, లోపం ఎక్కడుందో కనిపెట్టడం కష్టం. ఏ ఉపాయానికైనా ఇలా మరో పక్క ఉంటుంది. కాబట్టి తుపాను హెచ్చరిక రాకముందే ప్రతి ఆసుపత్రి, ప్రతి నీటి సరఫరా కేంద్రం తేల్చుకోవలసినవి మూడున్నాయి: కరెంటు పోతే మన దగ్గర ఏమేం ఆగుతాయి? జనరేటరు వరద నీరు చేరని ఎత్తులో ఉందా? బయటి సాయం అందేదాకా డీజిల్ సరిపోతుందా?