ఆ పిల్ల డబ్బులు ఆ పిల్లే కట్టిందా?

"ఆ అయ్యవారికి వయసెంత ఉంటాదమ్మా?"

కథ ఎత్తుకుని పది నిమిషాలు కాలేదు, ఎదురింటి కండక్టరన్న అడిగేశాడు. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. లెక్క తేలందే ఆయనకు ఊపిరాడదు. "ఆమెకు ముప్పై ఎనిమిది. ఆయన ముప్పై ఏళ్ళు పైనే పెద్ద" అన్నాను. భుజం మీద తువ్వాలు తీసి దులిపాడు. "ఇంక చెప్పబాకమ్మా" అన్నాడు. అయితే లేచి మాత్రం వెళ్ళలేదు.

మాది నెల్లూరు జిల్లా అనంతసాగరం. సోమశిల మా మండలంలోనే ఉంది. 78 టీఎంసీలు పట్టే జలాశయం పక్కన పెట్టుకుని బతుకుతున్న ఊళ్ళు మావి. ఈ చుట్టుపక్కల బళ్ళలో ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. పిల్లలు లేని బడిలా ఉంటుంది ఇప్పుడు నా ఇల్లు. అందుకే సాయంత్రం అరుగు మీద చాప వేసి, ఎవరొస్తే వాళ్ళకు ఏదో ఒకటి చదివి వినిపిస్తాను. ఈ వేసవిలో మా అమ్మాయి బెంగళూరు నుంచి తెచ్చి వదిలేసి పోయిన ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులో కథగా చెప్పాను. తొమ్మిది సాయంత్రాలు పట్టింది. విన్నవాళ్ళు ఏమన్నారో రాయాలనిపించింది. ఒక చిన్న నవల నాకు తెలిసిన మనుషుల నోట ఇన్ని మాటలు పలికించగలదని నేను అనుకోలేదు.

జపాన్ రచయిత్రి హిరోమి కవకామి 2001లో ప్రచురించిన నవల అది. అక్కడి పేరు 'సెన్సేయ్ నో కబన్'. మన మాటల్లో 'అయ్యవారి చేతిసంచి'. అదే ఏడు తనిజాకి బహుమతి అందుకుంది. ఆలిసన్ మార్కిన్ పవెల్ చేసిన ఇంగ్లీషు అనువాదం మొదట 'ది బ్రీఫ్‌కేస్' పేరుతో, తర్వాత 'స్ట్రేంజ్ వెదర్ ఇన్ టోక్యో' పేరుతో వచ్చింది. కథ చాలా చిన్నది. త్సుకికో ఉద్యోగం చేసుకుంటూ ఒంటరిగా ఉండే మనిషి. ఒక రాత్రి స్టేషన్ దగ్గరి చిన్న తాగుడు కొట్టులో ఆమె ఏది తెమ్మందో, పక్కన కూర్చున్న పెద్దాయన కూడా అదే తెమ్మన్నాడు. తీరా చూస్తే ఆయన హైస్కూల్లో ఆమెకు జపాన్ భాష చెప్పిన అయ్యవారు. ఆమెకు ఆయన పేరు కూడా గుర్తులేదు. ఆ మతిమరుపు కప్పిపుచ్చుకోవడానికే 'సెన్సేయ్' అని పిలుస్తుంది. సెన్సేయ్ అంటే గురువుగారు. ఆ పిలుపే చివరిదాకా ఉండిపోతుంది.

భాష చెప్పిన మాస్టారు, రిటైరైనవాడు, ఇంట్లో ఒక్కడే. నేను ఈ పుస్తకాన్ని మొదట చదివింది పాఠకురాలిగా కాదు, ఆ మాస్టారి తోటి పంతులమ్మగా. తప్పు ఎక్కడ దొరుకుతుందా అని పెన్సిలు పట్టుకుని చదివాను.

కండక్టరన్నకు వయసు అడ్డొచ్చినట్టు, అరుగు మీది ఆడవాళ్ళకు తాగుడు అడ్డొచ్చింది. త్సుకికో, సెన్సేయ్ కలిసినప్పుడు ఎక్కువగా సాకే తాగుతారు. బియ్యంతో చేసే మద్యం అది. "తాగుబోతుల కథ మనకెందుకు టీచరమ్మా" అన్నారు ఇద్దరు ఒకేసారి. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. మా పశ్చిమ నెల్లూరులో కథ వినడమంటే ఏమిటో తెలిసినవాళ్ళు అలాగే అంటారు. 1991లో మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, రాత్రిబడి వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. ఊళ్ళో సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళ కథ అది. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి పుస్తకం మూసి ఊరుకోలేదు. తమ ఊళ్ళో సారా కొట్టు మూయించారు. అక్కడి నుంచి ఆ మంట ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. కథను తెచ్చి తమ ఇంటి గుమ్మానికి ఆనించి చూసుకునే పాఠకులు వీళ్ళు. సాకే సీసా చూసి భయపడ్డారంటే వాళ్ళ వెనక ఒక చరిత్ర ఉంది.

వయసు తేడా దగ్గర కూడా అంతే. మన పాఠకుడు ముసలివాడి పక్కన పడుచుపిల్లను చూడగానే ఎందుకు ఉలిక్కిపడతాడో గురజాడ అప్పారావు అంకెలతో సహా రాసి పెట్టారు. 'కన్యాశుల్కం' మొదటి కూర్పు 1897లో అచ్చయింది. అంతకు పదేళ్ళ ముందు విజయనగరం మహారాజు విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళకు జాబితా రాయించారని ముందుమాటలో ఆయన చెప్పారు. మొత్తం 1,034 పెళ్ళిళ్ళు. అందులో 99 మంది పెళ్ళికూతుళ్ళకు అయిదేళ్ళు. 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు, ఆరుగురికి రెండేళ్ళు. ముగ్గురికి ఒక్కటే ఏడు. ఈ అంకెలు పిల్లలకు చెప్పిన ప్రతిసారీ తరగతి చప్పుడు లేకుండా అయిపోయేది. ఆయనే రాసిన 'పుత్తడిబొమ్మ పూర్ణమ్మ' చెప్పిన రోజయితే గంట కొట్టినా ఎవరూ లేచేవారు కాదు. ముసలి మొగుడికి అమ్మిన పూర్ణమ్మ చివరికి నీళ్ళలో కలిసిపోతుంది. ఆ గేయం చెప్పీ చెప్పీ వయసు తేడా ఉన్న ప్రేమకథ అంటేనే నా గుండె గట్టిపడిపోయింది. అందుకే కండక్టరన్న మాటకు ఆ రోజు నేను అడ్డు చెప్పలేదు.

ఆ గట్టిదనాన్ని విరిచింది పెద్దమ్మ.

ఆవిడకు ఎనభై దాటాయి. చదువు లేదు. స్తంభానికి ఆనుకుని, కళ్ళు మూసుకుని వింటుంది. మూడో సాయంత్రమో నాలుగో సాయంత్రమో, త్సుకికో, సెన్సేయ్ ఒకే బల్ల దగ్గర తాగినా లెక్క ఎవరిది వాళ్ళే కడతారని చెప్తున్నాను. నవలలో అది చిన్న విషయం. నేనూ దాటిపోబోయాను. పెద్దమ్మ కళ్ళు తెరిచింది.

"ఆ పిల్ల డబ్బులు ఆ పిల్లే కట్టిందా?"

"అవును పెద్దమ్మా."

"ఆయన కడతానన్లా?"

"ఇద్దరికీ అలా ఒప్పందం."

కాసేపు ఊరుకుని మెల్లగా చెప్పింది. "నాకప్పుడు పధ్నాలుగు. మీ పెద్దనాయనకు నలభై. రెండో సంబంధం. మా నాయన అప్పు తీరిపోయింది. నా లెక్క ఎవురు కట్టినారో నాకు తెలుసులేమ్మా." ఆడపిల్ల పెళ్ళికి 1929 శారదా చట్టం పెట్టిన పధ్నాలుగేళ్ళ హద్దు 1949లోనే పదిహేనుకు పెరిగింది. పెద్దమ్మ పెళ్ళి ఆ తర్వాత చాలా ఏళ్ళకు జరిగింది. చట్టం ఇంతదూరం నడిచి రావడానికి ఆలస్యమైంది. ఆవిడ ఇంకో మాట కూడా అంది. "ఆ పిల్ల ఇష్టపడి పోతా ఉండాది. పోనీండి."

తెలుగులో వయసు తేడా మీద వచ్చిన విమర్శ నేను కొంత చదివాను. ఇంత సూటిగా గీత గీసినవాళ్ళు నాకు తగల్లేదు. వయసుల మధ్య ఎన్నేళ్ళున్నాయని అందరం అడిగాం. లెక్క ఎవరు కట్టారని ఆవిడ ఒక్కతే అడిగింది.

ఆత్మకూరులో డిగ్రీ చదివే అమ్మాయి మాత్రం దానితో సమాధానపడలేదు. "ఒకప్పుడు పాఠం చెప్పినాయన కదా మేడమ్. ఎన్నేళ్ళైనా ఆయన మాట ముందు ఆమె చిన్నదే కదా" అంది. న్యాయమైన ప్రశ్న. బడిలో ఉన్న పిల్ల మీద అక్కడి సిబ్బందిలో ఎవరైనా చెయ్యేస్తే 2012 పోక్సో చట్టం దాన్ని మరింత తీవ్రమైన నేరంగా చూస్తుంది. అలాగే చూడాలి, అందులో నాకు రెండో మాట లేదు. నవలలో త్సుకికో బడి వదిలి ఇరవై ఏళ్ళు గడిచాయి. అయినా ఆ మాస్టారు పాత పద్యం మరిచిపోయావేమని ఇప్పటికీ కసురుతూనే ఉంటాడు. ఆమె ఎదురు తిరుగుతుంది. బేస్‌బాల్‌లో ఆయన అభిమాన జట్టు ఆమెకు గిట్టదు. ఆ పిసరంత దానికి ఒకే కొట్టులో పక్కపక్కన కూర్చుని కూడా చాలాకాలం మాట్లాడుకోరు. ఎదిరించే చోటు ఉందా లేదా అన్నది చూడమని ఆ అమ్మాయితో అన్నాను. ఒప్పుకుందో లేదో చెప్పలేదు. ఒప్పుకోకపోయినా నాకు సంతోషమే. అడగడం మానకుండా ఉంటే చాలు.

ఆరో రోజు కండక్టరన్నను నేనే అడిగాను. 1985లో వచ్చిన 'ఆత్మబంధువు' చూశావా అన్నా అని. భారతీరాజా తీసిన తమిళ 'ముదల్ మరియాదై'కి తెలుగు రూపం. శివాజీ గణేశన్ ఊరి పెద్ద. ఇంట్లో భార్య ఉన్నా మనసు విప్పే దిక్కు లేనివాడు. రాధ పడవ నడిపే పిల్ల. "మూడుసార్లు చూసినా" అన్నాడు. "ఏడ్చినావా?" "ఏడవకుండా ఎట్టుంటారు?" మరి ఈ అయ్యవారు ఏం పాపం చేశాడని అడిగితే, "అది వేరే" అన్నాడు. ఆ వేరు ఏమిటో తర్వాత రెండు రోజులు ఆయనే ఆలోచించుకున్నట్టున్నాడు. "సినిమాలో ఆ పెద్దాయన బాధ ముందు చూపించినారు. నువ్వు వయసు ముందు చెప్పినావు" అన్నాడు. చెప్పింది ఆయన అడిగినందుకేనని గుర్తు చేయలేదు. నిజంగానే మంచి విమర్శ అది.

ఇక్కడ నాకు ఒక బాధ ఉంది. పెద్ద వయసు మగవాడి ఒంటరితనానికి మన ప్రేక్షకులు కన్నీళ్ళు పెట్టారు. చలం 1927లో 'మైదానం' రాసినప్పుడు అందులో రాజేశ్వరికి ఆ పాటి జాలి కూడా దక్కలేదు. వకీలు ఇంట్లో పలకరించే దిక్కు లేని భార్య ఆమె. అమీర్‌తో వెళ్ళిపోతుంది. ఆ తర్వాత తనకంటే చిన్నవాడైన మీరా ఆమె జీవితంలోకి వస్తాడు. చలాన్ని తిట్టినవాళ్ళు తిట్టారు, దగ్గరికి రానివ్వనివాళ్ళు రానివ్వలేదు. విశ్వనాథ సత్యనారాయణ 'చెలియలికట్ట'ను ఈ నవలకు జవాబుగానే చాలామంది చదువుతారు. చలం 1950లో తిరువణ్ణామలై వెళ్ళిపోయి 1979లో చనిపోయేవరకూ అక్కడే ఉన్నారు. బి.ఇడి. హాస్టల్లో 'మైదానం' నా చేతికి వచ్చినప్పుడు దానికి వ్యాకరణం పుస్తకం అట్ట తొడిగి ఉంది. అప్పటికే ఎంతమంది చేతులు మారిందో, మూలలు అరిగిపోయాయి. దాచుకుని చదివినవాళ్ళం అందరం బయటికొచ్చి ఆ పుస్తకం పేరు ఎత్తలేదు. రాజేశ్వరి ఒంటరితనం గురించి మేం ఒకరితో ఒకరం కూడా మాట్లాడుకోలేదు. అది మేం చేసిన తప్పు.

ఒకాయన గురించి చెప్పాలి. మా వీధి చివర ఉంటాడు. భార్య పోయి నాలుగేళ్ళు. కొడుకులిద్దరూ కువైట్‌లో. రోజూ వచ్చి మెట్టు మీద కూర్చుంటాడు, మాట్లాడడు. నవలలో సెన్సేయ్ అయిపోయిన బ్యాటరీలు పారేయడు. ఇన్నాళ్ళూ తనకు పనిచేసి పెట్టాయి కదా అని దాచుకుని, అప్పుడప్పుడూ కొలిచే పరికరం పెట్టి ఇంకా ప్రాణం ఉందేమో చూస్తాడు. అది చెప్పిన రోజు ఆయన మొదటిసారి నోరు తెరిచాడు. "పారేయలా?" అన్నాడు. లేదన్నాను. "మా ఇంట్లో కూడా రేడియో ఉండాది. ఆమెది" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి మెట్టు మీద కాకుండా చాప మీద కూర్చున్నాడు.

జపాన్ ప్రభుత్వం 2021లో ఒంటరితనం సంగతి చూడటానికి ఒక మంత్రిని పెట్టింది. బ్రిటన్ 2018లోనే పెట్టింది. మనకు 2007లో తల్లిదండ్రుల పోషణకు చట్టం వచ్చింది. తిండి, బట్ట, నీడ, వైద్యం గురించి అది అడగగలదు. మాట గురించి ఏ చట్టం అడుగుతుంది? మా వీధిలో ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను నాలుగు వేలు పట్టుకుని సచివాలయం వాళ్ళు తలుపు కొడతారు. వేలిముద్ర వేస్తూ "కూర్చో నాయనా, టీ తాగిపో" అని వాళ్ళను ఆపే ముసలివాళ్ళను నేను చూస్తూనే ఉన్నాను. డబ్బు కోసం ఒకటో తారీఖు వైపు చూసేవాళ్ళే అందరూ అనుకోకండి.

కవకామి నవలలో ఇద్దరూ పెద్దగా ఏమీ చేయరు. పుట్టగొడుగులు ఏరడానికి అడవికి పోతారు, సంతకు పోతారు, వాన వస్తే తడుస్తారు. చివరికి సెన్సేయ్ పోతాడు. ఆయన చేతిసంచి త్సుకికోకు మిగులుతుంది. రాత్రిళ్ళు ఆమె దాన్ని తెరిచి చూస్తుంది. లోపల ఏమీ ఉండదు, ఖాళీ తప్ప.

తొమ్మిదో సాయంత్రం అక్కడితో ఆపాను. చాలాసేపు ఎవరూ లేవలేదు. వయసు మాట ఎత్తినవాళ్ళు లేరు, తాగుడు మాట ఎత్తినవాళ్ళు లేరు. కండక్టరన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. పెద్దమ్మ "పాపం, ఆ పిల్లను ఇంక ఎవురు పలకరిస్తారు?" అంది.

వచ్చే సోమవారం నుంచి 'మైదానం' మొదలుపెడుతున్నాను, ఈసారి అట్ట తొడగకుండా. డిగ్రీ అమ్మాయి తన స్నేహితురాళ్ళను తెస్తానంది. కండక్టరన్న రానన్నాడు కానీ ఎన్నింటికని మాత్రం అడిగి పోయాడు. మా దగ్గరి ఊళ్ళలో ఉన్నవాళ్ళెవరైనా రావచ్చు. సాయంత్రం ఆరున్నరకు.