కుంటుతున్న ఆటగాణ్ణి ఉంచాలా, దించాలా?

మీ ఇంట్లో పదిహేనేళ్ల కుర్రవాడు బంతిని ఒక్కసారి కూడా తన్నకుండా రాత్రి పదింటి దాకా ఫుట్‌బాల్ ఆడుతున్నాడా? ఆశ్చర్యపోకండి. అది మేనేజరు ఆట. కంప్యూటరు మీద, ఇప్పుడైతే సెల్‌ఫోను మీద కూడా ఆడతారు. ఇందులో మన బిడ్డ ఆటగాడు కాడు, జట్టు పెద్ద. ఎవరిని ఆడించాలి, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టాలి, ఎవరిని కొనాలి అన్నవన్నీ అతడే తేల్చాలి. ఇంగ్లాండులో పాల్ కాలియర్, ఆలివర్ కాలియర్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ఇలాంటి ఆట 1992లో 'ఛాంపియన్‌షిప్ మేనేజర్' పేరుతో బయటికి వచ్చింది. 2004 నుండి అదే బృందం 'ఫుట్‌బాల్ మేనేజర్' పేరుతో కొత్త ఆటలు తెస్తోంది.

మా యౌవనస్థులు ఆడుతుండగా పక్కన కూర్చొని చూశాను, కొన్నాళ్లు నేనూ ఆడాను. కొనుగోళ్లు, జీతాలు, జట్టు అమరిక అన్నీ బాగానే ఉంటాయి గాని, నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఒక చిన్న గుర్తు. మ్యాచ్ నడుస్తుండగా ఒక ఆటగాడు కిందపడతాడు, లేస్తాడు. అతని పేరు పక్కన చిన్న గాయం గుర్తు కనబడుతుంది. ఎర్రగా ఉంటే పేచీ లేదు, అతడు ఆడలేడు, బయటికి రావలసిందే. నారింజ రంగులో ఉందా, అప్పుడే చిక్కు. దెబ్బ తగిలింది గాని ఆడగలడు. ఉంచాలా, దించాలా? గాయం ఏమిటో, ఎన్నాళ్లు పడుతుందో పూర్తిగా తేలేది మ్యాచ్ అయ్యాకే. తీర్పు మాత్రం ఇప్పుడే చెప్పాలి.

కొత్తగా ఆడేవాళ్లు ఇక్కడ రెండు రకాలు. గుర్తు కనబడగానే కంగారుపడి మార్చేసేవాళ్లు కొందరు. మంచి ఆటగాడు కదా, ఒక గోలు వెనకబడి ఉన్నాం కదా అని చివరిదాకా లాగించేవాళ్లు మరికొందరు. రెండో రకం వాళ్లే ఎక్కువ నష్టపోవడం చూశాను. దెబ్బతో ఆడేవాడు మునుపటిలా పరుగెత్తలేడు, గాయం ముదిరే ప్రమాదమూ పెరుగుతుంది. పది రోజుల్లో మానిపోయేది రెండు నెలలకు సాగితే, ఆ ఒక్క మ్యాచ్ కోసం ఎనిమిది మ్యాచ్‌లు పోగొట్టుకున్నట్టే.

లెక్క ఇంకొకటి ఉంది. అసలు ఫుట్‌బాల్‌లో లాగానే ఇందులోనూ మార్పులకు పరిమితి ఉంటుంది. కోవిడ్ రోజుల్లో, అంటే 2020 మే నెలలో, ఐదుగురిని మార్చుకోవడానికి తాత్కాలికంగా అనుమతించారు. 2022లో దాన్ని నియమావళిలోనే చేర్చారు. అయితే విరామ సమయం కాక, ఆట మధ్యలో మూడుసార్లు మాత్రమే ఆపి మార్చాలి. ఆ అవకాశాలన్నీ అరవయ్యో నిమిషానికే వాడేసుకొని, డెబ్బయ్యో నిమిషంలో ఎర్ర గుర్తు పడిందనుకోండి, మిగతా ఆట పదిమందితోనే. అందుకే అనుభవమున్నవాళ్లు చివరి పావుగంట దాకా ఒక మార్పును అట్టిపెట్టుకుంటారు. మధ్యేమార్గం కూడా ఉంది. గాయపడ్డవాణ్ణి పరుగు తక్కువుండే చోటికి జరపడం, పోటీ పడి బంతి లాక్కోవద్దని చెప్పడం, జట్టు వేగం తగ్గించడం. పది నిమిషాలే మిగిలి ఉంటే దీనికి నాకు అభ్యంతరం లేదు. అరగంట మిగిలి ఉంటే మార్చమంటాను. (మ్యాచ్ చెడిపోతే ఆట మూసేసి, పాత చోటు నుండి మళ్లీ మొదలుపెట్టే కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఈ వ్యాసంతో పని లేదు!)

ఈ చిక్కు కంప్యూటరు కనిపెట్టింది కాదు. ఒకప్పుడు మార్పు అనేదే లేదు గనుక, దెబ్బ తగిలినవాడు ఆడాలి, లేదా జట్టు ఒకడు తక్కువగా ఆడాలి. 1956 మే 5న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఎఫ్.ఎ. కప్ ఫైనల్ జరిగింది. ఇంకా పావుగంట పైచిలుకు ఆట ఉండగా, మాంచెస్టర్ సిటీ గోల్‌కీపర్ బెర్ట్ ట్రౌట్‌మన్ ఎదుటివాని కాళ్ల దగ్గరకు దూకి బంతి పట్టుకున్నాడు. మెడకు గట్టి దెబ్బ తగిలింది. అయినా చివరిదాకా నిలబడ్డాడు, జట్టు 3-1తో గెలిచింది. కొన్ని రోజుల తర్వాత ఎక్స్‌రే తీస్తే మెడ ఎముక విరిగిందని తేలింది. ఈ సంగతిని లోకం నేటికీ ధైర్యానికి గుర్తుగా చెప్పుకుంటుంది. ధైర్యమే, కాదనను. కాని అది ప్రాణం మీదికి రాకపోవడం అదృష్టమని కూడా ఆ నోటితోనే చెప్పాలి గదా!

ఇంగ్లీషు లీగులో మొదటిసారి మార్పును అనుమతించింది 1965లో. అదీ ఒక్కరినే, అదీ గాయమైతేనే. రెండేళ్ల తర్వాతనే ఏ కారణానికైనా మార్చవచ్చు అన్నారు. ప్రపంచ కప్పులో మార్పులు 1970లో మొదలయ్యాయి. అంటే, ఈనాడు ఎత్తుగడగా వాడుకునే సబ్‌స్టిట్యూట్ అసలు పుట్టింది దెబ్బ తగిలినవాణ్ణి ఇంటికి పంపడానికే.

మన హైదరాబాదు వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఉపాధ్యాయుడిగా ఉండి, భారత జట్టుకు శిక్షకుడైనవాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు థాయిలాండ్‌తో మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జట్టుకు వెన్నెముక లాంటివాడు. వదులుకోలేరు, డిఫెన్సులో నిలబెట్టి ప్రతి బంతికీ తలతో పోరాడమనీ చెప్పలేరు. రహీమ్ అతణ్ణి ముందు వరుసకు పంపాడు. జర్నైల్ అంతకుముందు ఆ స్థానంలో ఆడినవాడే. సెమీఫైనల్లో గోలు చేశాడు, సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ చేశాడు. మనం 2-1తో స్వర్ణం గెలిచాం. మరుసటి ఏడాదే రహీమ్ కేన్సరుతో కన్నుమూశాడు. ఆయన కథతో 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. గాయపడ్డవాణ్ణి వేరే స్థానానికి జరపమని నేను పైన రాసిన ఉపాయం కంప్యూటరు పుట్టకముందే ఆయన చేసి చూపించాడు. అయితే కుట్లు పడిన తలతో ఒకణ్ణి మైదానంలోకి పంపడం ఈనాడు చేయదగ్గ పని కాదని కూడా స్పష్టంగా చెబుతున్నాను. తలదెబ్బ గురించి అప్పటివారికి తెలిసినది చాలా తక్కువ.

ఎంత తక్కువంటే, యాభై ఏళ్ల తర్వాత కూడా పొరపాటు జరిగింది. 2014 జూలై 13, రియో డి జనీరోలో ప్రపంచ కప్ ఫైనల్. జర్మనీ ఆటగాడు క్రిస్టోఫ్ క్రామర్ ముఖానికి పదిహేడో నిమిషంలో అర్జెంటీనా డిఫెండరు భుజం బలంగా తగిలింది. వైద్యుడు చూశాడు. క్రామర్ లేచి ఆటలోకి వెళ్లాడు. పైకి అది చిన్న దెబ్బే. కాసేపటికి రిఫరీ నికోలా రిజోలీ దగ్గరకు వెళ్లి, ఇది ఫైనలేనా అని అడిగాడు. రిఫరీ ఆ సంగతి జర్మనీ ఆటగాళ్లకు చెప్పాడు. ముప్ఫై ఒకటో నిమిషంలో అతణ్ణి దించి ఆంద్రే షుర్లేను పంపారు. 113వ నిమిషంలో మారియో గోట్జే చేసిన గెలుపు గోలుకు బంతి అందించింది ఆ షుర్లేయే. ఆ మ్యాచ్ మొదటి భాగంలో చాలా మట్టుకు క్రామర్‌కు గుర్తే లేదు.

పద్నాలుగు నిమిషాల పాటు, తానెక్కడున్నాడో తెలియని మనిషి ప్రపంచ కప్ ఫైనల్ ఆడాడు! "బాగానే ఉన్నాను" అనే మాట చెప్పేది దెబ్బ తగిలిన ఆ తలే గనుక, ఆ మాటను సాక్ష్యంగా తీసుకోకూడదు. ఈ ఇబ్బంది గమనించే 2021 జనవరిలో తలదెబ్బకు ప్రత్యేకంగా అదనపు మార్పును ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టారు. 2024లో అది నియమావళిలోకి వచ్చింది. కావాలనుకున్న పోటీలు దాన్ని అమలుచేసుకోవచ్చు. మామూలు మార్పులలో అది లెక్కకు రాదు గనుక, మేనేజరుకు "ఒక మార్పు ఖర్చవుతుందే" అన్న వెనకాడింపు ఉండదు.

కంప్యూటరు ఆటలో మేనేజరుకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. గుర్తు దానంతటదే కనబడుతుంది. మన ఊరి బడి మైదానంలో ఎవరి నెత్తిమీదా ఏ గుర్తూ వెలగదు. వేసవి సెలవుల్లో కబడ్డీయో క్రికెట్టో ఆడే బిడ్డ, జట్టులోంచి తీసేస్తారన్న భయంతో కుంటుకుంటూనే "ఏం కాలేదన్నా" అంటాడు. పక్కనున్న పెద్దవాడు చూడాలి. మోకాలు గీరుకుంటే నీళ్లతో కడిగి, గుడ్డ కట్టి ఆడించవచ్చు. రక్తం కారుతుంటే అది ఆగేదాకా కాదు. ఫుట్‌బాల్ నియమం కూడా రక్తం కారేవాడు బయటికి రావాలనే చెబుతుంది. పరుగెత్తుతుండగా తొడ వెనుక చటుక్కున పట్టేసినవాణ్ణి మళ్లీ పరుగెత్తించకూడదు. ఆ కండరం ఒకసారి దెబ్బతింటే తొందరపడిన కొద్దీ తిరగబెడుతుంది. చీలమండ మడతపడితే నాలుగడుగులు వేయమనండి. వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. ఈలోగా నూనె పోసి గట్టిగా మర్దనా చేయించకండి, వాపు పెరుగుతుంది.

తలకు దెబ్బ తగిలి, తల తిరుగుతోందన్నా, వాంతి వచ్చినా, అడిగిందే అడుగుతున్నా ఆ రోజుకు ఆట లేదు. ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి. మిగతా దెబ్బలకు ఐసుగడ్డను గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు ఆనించి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఐసు దొరకని ఊళ్లో కుండనీళ్లలో ముంచిన తడిగుడ్డ చాలు.