సంగీత ప్రవాహంలో ఫోను పాత్ర

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. తెల్లవారగానే కృష్ణా డెల్టా గ్రామాలలో వినిపించిన 'భక్తిరంజని' ఆ కేంద్రానికి గొప్ప పేరు తెచ్చినది. గన్నవరంలోని శ్రోత ఆనాడు చేయవలసిన పని ఒక్కటే: రేడియో మీట తిప్పి ముల్లును విజయవాడ వద్ద నిలపడం.

నేడు ఆకాశవాణి ప్రసారాలు ప్రసారభారతి వారి 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్‌లోను, లక్షలాది పాటలు స్పాటిఫై వంటి సేవలలోను లభిస్తున్నవి. కొన్ని ఇండ్లలో యాంప్లిఫయరుకు, స్పీకర్లకు తోడుగా నెట్‌వర్క్ ప్లేయరు అనే యంత్రం చేరినది. కుర్చీలో కూర్చున్నవారు ఫోను మీద పాట పేరు తాకగానే స్పీకర్లు పాడుతవి. పాట ఫోనులోనుంచి ప్లేయరులోనికి పోతున్నదని చూచేవారు అనుకోవడం సహజం. కాని అనేక సందర్భాలలో పాట ఫోనును తాకనే తాకదు. అది ఎట్లు సాధ్యం?

లస్కరు, కాలువ

ప్రకాశం బ్యారేజి వద్ద నిలిచిన కృష్ణ నీరు ఏలూరు కాలువ ద్వారా గన్నవరం వైపు వస్తుంది. లస్కరు షట్టరు ఎత్తితే నీరు పొలానికి పారుతుంది, దించితే ఆగుతుంది. నీరు అతని ఆజ్ఞకు లోబడి ఉన్నదే కాని, అతని చేతులలోనుంచి పారడం లేదు. నేరుగా జరిగే స్ట్రీమింగ్‌లో ఫోను ఆ లస్కరు వంటిది.

జరిగే పని మూడు మెట్లుగా ఉంటుంది. మొదట యాప్ ఇంటి వై-ఫైలో "పాడగల యంత్రాలు ఎవరైనా ఉన్నారా?" అని ఒక పిలుపు పంపుతుంది. ప్లేయరు తన పేరు, చిరునామా చెప్పి బదులిస్తుంది. రెండవ మెట్టులో ఫోను పాట గుర్తును, దానిని తెచ్చుకొనుటకు కావలసిన అనుమతిని ప్లేయరుకు అందిస్తుంది. ఈ సందేశం చాలా చిన్నది. మూడవ మెట్టులో ప్లేయరే రౌటరు ద్వారా దూరాన ఉన్న సర్వరును చేరి పాటను తెచ్చుకొంటుంది. ఆపైన ఫోనుకు మిగిలిన పని ఆపమనడం, హెచ్చించమనడం, తరువాతి పాట కోరడం మాత్రమే. 2013లో వచ్చిన స్పాటిఫై కనెక్ట్, అదే సంవత్సరం వచ్చిన క్రోమ్‌కాస్ట్ ఈ మార్గంలోనివే.

బ్లూటూత్ పద్ధతి వేరు. అందులో ఫోనే కాలువ. సంగీతమంతా దానిలోనుంచే పారవలెను.

అంకెల లెక్క

ఈ తేడా ఎంత ముఖ్యమో చిన్న లెక్క చెబుతుంది. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు వినగలదు. ఒక కంపనాన్ని అంకెలలో పట్టుకొనుటకు సెకనుకు దానికి రెట్టింపు కన్న ఎక్కువ సార్లు కొలవవలెను. కనుక కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 కొలతలు తీస్తారు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, కుడి ఎడమలకు రెండు వరుసలు. 44,100 × 16 × 2 = 14,11,200. అనగా సెకనుకు సుమారు 14 లక్షల బిట్లు. నాలుగు నిమిషాల పాట దాదాపు 42 మెగాబైట్లు అవుతుంది.

సాధారణ బ్లూటూత్ పద్ధతిలో సెకనుకు సుమారు 3,28,000 బిట్లు మాత్రమే పంపుతారు. అంత ఇరుకు దారిలో పట్టించుటకు ఫోను పాటలో కొంత భాగాన్ని వదలివేయవలెను. సేవ నుంచి వచ్చేటప్పటికే కుదించబడిన పాటయితే అది రెండవ కుదింపు. నేరు పద్ధతిలో ఈ రెండవ నష్టం లేదు. ఫోను మోగినా పాట ఆగదు. ఫోను బ్యాటరీ కూడా అంతగా ఖర్చు కాదు.

ఇంటర్నెట్ ప్రవాహం ఎల్లప్పుడు ఒకే తీరుగా ఉండదు. డెల్టా గ్రామాలలో కాలువలు కట్టివేయకముందే వేసవి కొరకు మంచినీటి చెరువులు నింపుకొంటారు గదా! ప్లేయరు కూడా రాబోయే కొన్ని సెకన్ల పాటను ముందే తెచ్చి జ్ఞాపకశక్తిలో నిలువ చేస్తుంది. దీనినే బఫర్ అంటారు. పది సెకన్ల నిలువకు 18 లక్షల బైట్ల చోటు చాలు. తరువాత ప్లేయరులోని స్ఫటిక గడియారం వేసే తాళానికి అనుగుణంగా ఆ అంకెలు విద్యుత్ తరంగంగా మారి యాంప్లిఫయరును చేరుతవి.

అంకెలు పెంచినంత మాత్రాన లేని ధ్వని రాదు. మధ్యమ తరంగ ప్రసారంలో పక్కపక్క కేంద్రాల మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడమే ఉంటుంది. అందుచేత సుమారు 4,500 కంపనాలకు పైబడిన ధ్వని చాలవరకు రేడియో శ్రోతకు అందదు. అట్టి ప్రసారం నుంచి టేపు మీద పట్టిన పాటను సెకనుకు 1,92,000 సార్లు కొలిచినా పోయిన భాగం తిరిగి రాదు.

ఒక పరీక్ష, ఒక హెచ్చరిక

తమ ఇంటి పద్ధతి ఏదో విద్యార్థులే తెలుసుకొనవచ్చును. పాట నడుస్తుండగా ఫోనును పూర్తిగా ఆపివేయవలెను. సంగీతం వెంటనే ఆగినా, బఫర్ ఖాళీ కాగానే ఆగినా, ఫోనే కాలువ. చివరి వరకు సాగితే ఫోను లస్కరు. కొన్ని యంత్రాలలో ఆ ఒక్క పాట ముగిసి, తరువాతిది మొదలు కాదు. పాటల వరుస ఫోనులోనే ఉండిపోవడం దానికి కారణం.

ఈ సౌకర్యానికి వెల కూడా ఉన్నది. 2025 మార్చిలో గూగుల్ వారి రెండవ తరం క్రోమ్‌కాస్ట్, క్రోమ్‌కాస్ట్ ఆడియో యంత్రాలు ప్రపంచమంతటా ఒక్కసారిగా పలుకక నిలిచినవి. తీగ తెగలేదు, స్పీకరు చెడలేదు. యంత్రం నమ్మదగినదని రుజువు చేసే డిజిటల్ ధ్రువపత్రానికి గడువు తీరినది, అంతే. కొద్ది రోజులలో సంస్థ సవరణ పంపి సరిచేసినది. రేడియో పెట్టె చెడితే ఊరిలో బాగుచేసేవాడు ఉండేవాడు. ఈ తాళపు చెవి మాత్రం దూరాన ఉన్నది.

కనుక ప్లేయరు కొనేవారు రెండు సంగతులు చూడవలెను. తీగతో కలుపుకొనే మార్గం దానికి ఉన్నదా? ఇంటిలోని డిస్కుపై దాచిన పాటలను ఇంటి వై-ఫై మీదుగానే పాడే యూపీఎన్‌పీ వంటి బహిరంగ పద్ధతి దానికి తెలియునా? ఆ పద్ధతికి బయటి సర్వరుతో పని లేదు. అమ్మమ్మ పాడిన మంగళహారతి టేపును ఒకసారి అంకెలలోనికి మార్చి ఆ డిస్కులో ఉంచితే, ఇంటర్నెట్ లేని రోజున కూడా అది పలుకుతుంది. రెండవ ప్రతి ఒకటి వేరొక చోట దాచుట మరువరాదు.