గాలి చొరని మూస

గోదావరికి ఒక ఒడ్డున పాత ఆదిలాబాద్ జిల్లా, మరో ఒడ్డున పాత కరీంనగర్ జిల్లా. రెండు వైపులా పాత కొలుముల దిబ్బల మీద నల్లటి, బరువైన చిట్టెం గడ్డలు ఇప్పటికీ దొరుకుతాయి. బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి ఇలాంటి చోట్లను నమోదు చేశారు. ఈ చిట్టేన్ని మిగిల్చిన ఉక్కుకీ, ఇవాళ తుంటి కీలులో అమర్చే టైటానియానికీ దగ్గరి చుట్టరికం ఉంది. రెండు చోట్లా లోహం గుణాన్ని తేల్చేది దాని సందుల్లో దూరిన ఒక చిన్న పరమాణువే. ఉక్కులో అది కార్బన్, టైటానియంలో ఆక్సిజన్.

పాత కరీంనగర్ జిల్లా సరిహద్దుకు చేరువలో, నిజామాబాద్ జిల్లాలో ఉన్న కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వ్యాపారులు వచ్చేవారని తెలుసా? 1820లో వైద్యుడూ భూగర్భ శాస్త్రజ్ఞుడూ అయిన హెన్రీ వెస్లీ వాయిసీ అక్కడి కొలుములను కళ్లారా చూసి రాశాడు. ఆ వ్యాసం ఆయన పోయాక 1832లో అచ్చయింది. అక్కడి మూసలను బంకమట్టిలో వరి ఊక కలిపి చేసేవారు. లోపల ఇనుము పెట్టి, మట్టి మూత మెత్తి, గంటల తరబడి తిత్తులూదేవారు. ఊక మాడి బొగ్గై మూస గోడలోనే ఉండిపోతుంది. అది లోపలికి చొరబడే ఆక్సిజన్‌ను దారిలోనే పట్టేస్తుంది. గాలి తగిలితే ఉక్కులోని కార్బన్ కాలిపోతుంది మరి! కొలిచే యంత్రమేదీ లేకుండా, కంటితో, చేతితో ఒకటిన్నర శాతం దగ్గర కార్బన్‌ను నిలిపిన ఆ కమ్మరులను లోహశాస్త్రవేత్తలుగానే లెక్కించాలని నా గట్టి నమ్మకం.

ఇనుప రాతిలోని ఆక్సిజన్‌ను బొగ్గు లాగేస్తుంది. టైటానియం దగ్గర బొగ్గు పప్పులుడకవు. బొగ్గుతో కాలిస్తే చివరికి మిగిలేది పెళుసైన టైటానియం కార్బైడ్. అందుకే 1791లో జాడ తెలిసిన ఈ లోహం శుద్ధంగా చేతికి రావడానికి 1910 దాకా పట్టింది. తర్వాత విలియం క్రోల్ దాని ఖనిజాన్ని క్లోరైడ్‌గా మార్చి, గాలి తగలకుండా మెగ్నీషియంతో లోహాన్ని విడదీసే పద్ధతి కనిపెట్టాడు. మన దేశంలో ఆ విద్యను సాధించింది హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, డీఎంఆర్‌ఎల్. కేరళలోని చవరలో టైటానియం స్పాంజ్ (స్పాంజ్‌లా ఉండే ముడి లోహం) కర్మాగారం నడుస్తున్నది ఆ పరిజ్ఞానంతోనే. 1973లో అదే హైదరాబాద్‌లోని కంచన్‌బాగ్‌లో పుట్టిన ప్రభుత్వ లోహ సంస్థ మిధాని టైటానియం మిశ్రమాలతో పాటు శరీరంలో అమర్చే ఇంప్లాంట్లు కూడా తయారుచేస్తోంది.

ఇప్పుడు అసలు వింత. మిశ్రమం కలపని శుద్ధ టైటానియాన్ని నాలుగు గ్రేడులుగా విడదీసేది ప్రధానంగా ఆక్సిజనే. మొదటి గ్రేడులో అది 0.18 శాతం మించకూడదు, నాలుగో గ్రేడులో 0.40 శాతం దాకా ఉండవచ్చు. తేడా పావు శాతం కూడా లేదు. అయినా శాశ్వతంగా వంగకుండా తట్టుకోవలసిన కనీస బలం 170 మెగాపాస్కల్ నుంచి 480కి పైగా ఎగబాకుతుంది. దానికి మూల్యం సాగే గుణం: తెగేలోపు కనీసం 24 శాతం సాగాల్సిన లోహానికి 15 శాతమే గతి. దంతాల ఇంప్లాంట్లకు నాలుగో గ్రేడు ఎక్కువగా వాడతారు. వంచి ఎముకకు ఒదిగించాల్సిన పలకలకు మెత్తటి గ్రేడులు నయం.

ఇంత కొంచెం ఆక్సిజన్ ఇంత పని ఎలా చేస్తుంది? లోహం వంగడమంటే పరమాణువుల వరుసల్లోని లోపాలు జారడం. టైటానియం పరమాణువుల మధ్య ఖాళీలో కూర్చున్న ఆక్సిజన్ ఆ జారుడుకు అడ్డుపడుతుంది. 2015లో అమెరికాలోని బర్క్‌లీ శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో, కంప్యూటర్ లెక్కలతో ఈ తగులాటను పరమాణు స్థాయిలో వివరించారు.

తుంటి కీలు కాడకు ఎక్కువగా వాడేది ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వెనేడియం కలిసిన మిశ్రమం. మామూలు రకంలో 0.20 శాతం దాకా ఆక్సిజన్ చెల్లుతుంది. శరీరంలో పెట్టే ప్రత్యేక రకంలో 0.13 శాతమే హద్దు. నడిచే మనిషి కాలు ఏడాదికి సుమారు పది లక్షల సార్లు ఆ కాడ మీద బరువు మోపుతుంది. ఎక్కడైనా సన్నని పగులు పుడితే అది చటుక్కున పాకకుండా ఆపగలిగే సాగుడు లోహంలో మిగలాలి. కాస్త బలం వదులుకునైనా ఆక్సిజన్‌ను తగ్గించేది అందుకే. రోగి మేలు కోరి చేసిన బేరమిది.

 

లోపల హద్దులో ఉండాల్సిన ఆక్సిజన్, పైన మాత్రం రక్షణ కవచం. గాలి తగలగానే టైటానియం మీద కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర కడుతుంది. ఒంట్లోని ఉప్పునీరు లోహాన్ని తినకుండా కాపాడేది అదే. 1952లో స్వీడన్‌లో పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరం ఊడిరాలేదు, ఎముక దాన్ని తనలో కలుపుకుంది! ఇవాళ్టి దంత ఇంప్లాంట్లకు పునాది అదే.

కానీ అదే లోహాన్ని గాలిలో 600 డిగ్రీలు దాటి కాలిస్తే ఆక్సిజన్ పైపొరను దాటి లోపలికి ఇంకి, గట్టి పెళుసు పొర కడుతుంది. పగుళ్లు మొదలయ్యేది అక్కడే కాబట్టి దాన్ని చెక్కేయాలి, లేదా ఆమ్లంతో కరిగించాలి. త్రీడీ ప్రింటింగ్‌తో చేసే ఇంప్లాంట్లకూ ఇదే బెడద. వాడగా మిగిలిన లోహపు పొడిని మళ్లీ వాడినకొద్దీ అందులో ఆక్సిజన్ పెరుగుతూ పోతుంది. ఆర్గాన్ వాయువు నింపిన పెట్టెలో ముద్రించినా సరే, పొడిలో ఆక్సిజన్ ఎంతుందో పరీక్షించి, హద్దు దాటితే పక్కన పెట్టాల్సిందే.