దత్తత ఫైలులో కన్నతల్లి పేజీ

దత్తత తీసుకోవాలనుకునే దంపతులు మొదట ప్రార్థన కోసం పాస్టరు దగ్గరికి వస్తారు. ఆరు నెలల తర్వాత అదే దంపతులు సంతకం కోసం వస్తారు. ఈ మధ్యలో వారి ముఖాల్లో కాంతి కాస్త తగ్గి ఉంటుంది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల సంఘాల్లో పరిచర్య చేసేవారికి ఇది తెలిసిన సంగతే. ఇక్కడి విశ్వాసుల్లో చాలామందికి ఒక కాలు సైబరాబాద్‌లో, మరో కాలు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటుంది. పెళ్లి ఇక్కడ జరిగింది. ఉద్యోగం అక్కడ. ఒడిలోకి రావలసిన బిడ్డ మళ్లీ ఇక్కడే ఏదో శిశుగృహంలో ఉంది.

విదేశంలో స్థిరపడినవారు ఆ దేశంలో అధికారం పొందిన ఏజెన్సీ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. సోషల్ వర్కరు ఇంటికి వచ్చి, దంపతులతో మాట్లాడి హోమ్ స్టడీ నివేదిక రాస్తారు. జనన, వివాహ ధ్రువపత్రాలు, ఆదాయం, ఆరోగ్యం, పోలీసు క్లియరెన్సు, తెలిసినవారి సిఫార్సు లేఖలు అన్నీ జతచేయాలి. ఇవన్నీ ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ ఆన్‌లైన్ వ్యవస్థకు చేరాలి. ఆ తర్వాత వరుసలో నిరీక్షణ. బిడ్డను చూపించాక రెండు దేశాల అంగీకారం, కారా ఇచ్చే నిరభ్యంతర పత్రం, దత్తత ఉత్తర్వు, పాస్‌పోర్టు, వీసా. ఆ ఉత్తర్వును ఒకప్పుడు కోర్టులు ఇచ్చేవి. ఆలస్యం తగ్గించాలని 2021లో చట్టాన్ని సవరించి, 2022 సెప్టెంబరు నుంచి ఆ అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేట్‌కు అప్పగించారు. అయినా ఒక కాగితం సంపాదించేలోపు మరో కాగితం గడువు దాటిపోతూనే ఉంటుంది.

మన క్రైస్తవులకు ఇంకో చిక్కు కూడా ఉంది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక పేరు, బాప్తిస్మం నాడు పెట్టిన పేరు మరొకటి. పెళ్లి రిజిస్టరులో బాప్తిస్మపు పేరే ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి రాస్తారు, బ్యాంకు పుస్తకంలో ఒక్క ఇనిషియలే ఉంటుంది. కంప్యూటరు ప్రోగ్రాములో తప్పును రాత్రికి రాత్రే పట్టుకోగల ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడు, తన భార్య పేరులో ఒక్క ‘మేరీ’ ఎక్కువైనందుకు నెలల తరబడి తిరిగాడు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు లేనివారు జరిపించిన పెళ్లిళ్ల సంగతి చెప్పనక్కరలేదు. ఆ ధ్రువపత్రం ఎంత అందంగా అచ్చువేసినా కార్యాలయంలో నిలబడదు. దీనికి అధికారులను నిందించి లాభం లేదు. అది మన సంఘాలు చక్కబెట్టుకోవలసిన పని.

ఇలా విసిగిపోయినప్పుడే దగ్గరి దారులు కనిపిస్తాయి. “తెలిసిన నర్సు ఉందండీ, పెంచుకోలేని తల్లి ఒకామె ఉంది. స్టాంపు పేపరు మీద రాయించుకుందాం, మీరు సంఘంలో ప్రార్థన చేయండి చాలు” అంటారు. నోరు మంచిదైనా ఆ మాట మంచిది కాదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద మనవాళ్లు సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు, బిడ్డకు తల్లిదండ్రులు కాలేకపోయేవారు. 2000 నాటి బాలల న్యాయ చట్టమూ, 2006లో దానికి జరిగిన సవరణా ఆ తలుపు తీశాయి. ఏ మతంవారైనా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో షబ్నం హష్మి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2015 చట్టం. స్టాంపు పేపరుగానీ, బలిపీఠం దగ్గర పాస్టరు చేసిన ప్రతిష్ఠ ప్రార్థనగానీ ఈ చట్టానికి బదులు కావు. సొంత అన్న బిడ్డను విదేశానికి తీసుకెళ్లాలన్నా ఆ దారిలోనే వెళ్లాలి.

ఇంత కఠినం ఎందుకని అడిగేవారికి మన నగరమే జవాబు చెబుతుంది. 1984లోనే, లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన లేఖను పిటిషన్‌గా స్వీకరించి, పిల్లలను విదేశాలకు దత్తత పంపడానికి సుప్రీంకోర్టు నియమాలు విధించింది. అయినా ఏం జరిగింది? 1998లో ఇక్కడ సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ మరుసటి ఏడాదే, ఇదే హైదరాబాద్‌లో, పిల్లలను కొని విదేశాలకు దత్తత పంపుతున్నారంటూ కొన్ని సంస్థల మీద పోలీసులు దాడులు చేశారు. 2001లో మరోసారి బయటపడింది. తాండూరు, దేవరకొండ వైపు లంబాడీ తండాల నుంచి ఆడపిల్లలను దళారులు కొద్దిపాటి సొమ్ముకు తెచ్చారు. తల్లి ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు పత్రాలు పుట్టించారు. ఆ కేసుల్లో పేరు వినబడిన సంస్థల్లో క్రైస్తవ పేర్లు పెట్టుకున్నవీ ఉన్నాయి. ఈ సంగతి మనం దాచుకోకూడదు.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో డేవిడ్ స్మోలిన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ఉన్నారు. ఆయనా, ఆయన భార్యా 1998లో ఆంధ్రప్రదేశ్ నుంచి అక్కాచెల్లెళ్లు ఇద్దరిని దత్తత తీసుకున్నారు. కాగితాలన్నీ సరిగానే ఉన్నట్టు కనిపించాయి. ఇంటికి వెళ్లాక ఆ పిల్లలు చెప్పిన మాట వేరు: మా అమ్మ ఉంది, మమ్మల్ని దొంగిలించారు. తల్లి వారిని తాత్కాలికంగా ఆశ్రమంలో ఉంచిందని, వదులుకోలేదని తర్వాత తేలింది. ఈ సంగతులను స్మోలిన్ దాచిపెట్టలేదు. తన ఇంటి బాధను బయటపెట్టి, భారతదేశపు దత్తత కుంభకోణాల మీద వ్యాసాలు రాశారు. ఆయన చట్టం తెలిసిన మనిషి, మంచి ఉద్దేశం ఉన్న తండ్రి. అయినా ఫైలులోని అబద్ధాన్ని కాగితం చూసి కనిపెట్టలేకపోయారు.

ఇప్పటి చట్టం ప్రకారం, బిడ్డను అప్పగించే తల్లి శిశు సంక్షేమ కమిటీ ముందుకు రావాలి. పత్రం మీద సంతకం చేసినా, వేలిముద్ర వేసినా, మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఉంటుంది. ఆ గడువు దాటేవరకు బిడ్డను ఎవరికీ చూపించరు. దత్తత కోరే దంపతుల లెక్కలో ఆ రెండు నెలలు వృథా. తండాలోని ఆ తల్లికి మాత్రం అది తెరిచి ఉంచిన తలుపు. 1999లో ఆమెకు దక్కనిది అదే.

మోషే కథను మనం ఎప్పుడూ రాకుమార్తె వైపు నుంచే చెబుతాం. కనికరించింది, పెంచుకుంది అంటాం. యోకెబెదు వైపు నుంచి ఒకసారి చదవండి (నిర్గమ 2). ఆమె బిడ్డను వదులుకోవాలనుకోలేదు. రాజు ఆజ్ఞ ఆమెను నది ఒడ్డుకు తరిమింది. దాన్ని సమ్మతి అనగలమా? మన ప్రసంగాల్లో దత్తత అంటే పౌలు రాసిన ఉపమానమే ఎక్కువగా వినిపిస్తుంది. ఆయన రోమీయులకు రాశాడు. రోమా దేశపు దత్తత అధికారి ఎదుట జరిగే పెద్ద వ్యవహారం. కన్నతండ్రి హక్కు తీరిపోవడానికి కొడుకును మూడుసార్లు విక్రయించినట్టు తంతు జరపాలి. అది తెలిసిన పాఠకులకే పౌలు దత్తపుత్రత్వం కోసం మూలుగుతూ కనిపెట్టడం గురించి రాశాడు (రోమా 8:23). వరుసలో కూర్చుని నిట్టూర్చే దంపతులకు ఆ మూలుగు ఏమిటో నాకంటే బాగా తెలుసు.

అలాగని ప్రతి ఆలస్యాన్నీ పవిత్రం చేయలేం. తల్లి కోసం ఆగే రెండు నెలలు వేరు, సంతకం పెట్టవలసిన వ్యక్తి సెలవులో ఉన్నందుకు ఆగే రెండు నెలలు వేరు. రెండోది బిడ్డ బాల్యంలోంచి కోసి తీసినది. విదేశాలకు వెళ్లే పిల్లల్లో చాలామంది వయసు పెరిగినవారు, ప్రత్యేక వైద్య అవసరాలున్నవారు. వారికి ఆర్నెల్లు అంటే ఒక శస్త్రచికిత్స సమయం కావచ్చు. అటువంటి చోట మర్యాదగా, పదేపదే, రాతపూర్వకంగా అడగడం విశ్వాసానికి విరుద్ధం కాదు. అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విడువని విధవరాలి కథ మనకుంది (లూకా 18).

ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవారికి ఒక పని చెబుతున్నాను. బిడ్డ గురించి సంస్థ ఇచ్చే చైల్డ్ స్టడీ నివేదికను పూర్తిగా చదవండి. బిడ్డ ఎలా దొరికింది, తల్లి గురించి ఏమి రాశారు, కమిటీ ముందు ఎప్పుడు హాజరైంది అన్నవి చూడండి. అర్థం కానిది ఉంటే ఉత్తర్వు రాకముందే అడగండి. వీసా వచ్చేసిందని ఆ కాగితాలను అటక మీద పడేయకండి. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలను వెతుక్కోవడానికి నిబంధనలు బిడ్డకు అవకాశమిస్తున్నాయి. అప్పుడు మొదట అడిగేది ఆ కాగితాలనే.