తవ్వితే గాని తేలని నిక్షేపాలు: కృష్ణా-గోదావరి బేసిన్ అనుభవం

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం వద్ద చమురు, సహజవాయు సంఘం (ఓఎన్జీసీ) తవ్విన తొలి అన్వేషణ బావిలో 1978లో గ్యాస్ జాడ కనిపించడంతో దేశ చమురు పటంలో ఆంధ్రప్రదేశ్‌కు చోటు దక్కింది. అంతవరకు దేశీయ చమురు అనగానే అస్సాంలోని దిగ్బోయ్, గుజరాత్‌లోని అంక్లేశ్వర్, 1974లో సాగర్ సమ్రాట్ రిగ్ కనుగొన్న బొంబాయి హై పేర్లే వినిపించేవి. నరసాపురం తరువాత అన్వేషణ అటు కోనసీమకు, ఇటు బంగాళాఖాతానికి విస్తరించింది.

కొత్త ప్రాంతంలో చమురు అన్వేషణ జూదం వంటిదే. భూమిలోకి ధ్వని తరంగాలను పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులను బట్టి రాతిపొరల అమరికను అంచనా వేస్తారు. ఆ పొరలలో ఉన్నది గ్యాసా, ఉప్పునీరా అన్నది మాత్రం బావి తవ్వితే గాని తేలదు. బావి వట్టిదని తేలితే పెట్టిన సొమ్ము తిరిగి రాదు. అయితే అందులో లభించిన రాతి నమూనాలు తదుపరి బావికి దారి చూపుతాయి.

పీడనంతోనే చిక్కు

కృష్ణా-గోదావరి బేసిన్‌లో అధిక పీడనం పెద్ద సమస్య. కోట్ల సంవత్సరాలుగా చేరిన అవక్షేపాలు పొరలు పొరలుగా పేరుకొన్నాయి. పైపొరల బరువు కింద చిక్కుకొన్న నీరు, వాయువు బయటికి పోయే దారిలేక తీవ్ర పీడనానికి లోనవుతాయి. వాటిని అదుపులో ఉంచేందుకు డ్రిల్లింగ్ సమయంలో బావిలోకి చిక్కని బురద ద్రావణాన్ని నిరంతరం పంపుతారు. బరువు కోసం అందులో ముగ్గురాయి పొడి కలుపుతారు. ఈ ఖనిజానికి రాయలసీమలోని మంగంపేట గనులు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి.

ద్రావణం బరువు తగ్గితే వాయువు పైకి ఎగదన్నుతుంది. పెరిగితే రాతిపొరలు పగిలి ద్రావణమే వాటిలోకి ఇంకిపోతుంది. అంతకుముందు బావులు లేని చోట ఈ కొలతను కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు. చివరి రక్షణగా బావి ముఖద్వారం వద్ద బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే కవాటాల వ్యవస్థను అమర్చుతారు.

ఈ ప్రమాదం ఎంతటిదో పాశర్లపూడి చాటింది. కోనసీమలోని ఆ గ్రామం వద్ద 19వ నంబరు బావిలో 1995 జనవరి 8న బ్లోఅవుట్ సంభవించింది. ఎగసిన మంటలు 65 రోజులపాటు ఆరలేదు. పరిసర గ్రామాల ప్రజలు ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. విదేశీ నిపుణుల సహకారంతో మార్చి మధ్యలో గాని మంటలు అదుపులోకి రాలేదు. తొలి బావి నాటికి పదిహేడేళ్లు గడిచినా భూగర్భం పూర్తిగా లొంగలేదన్నమాట.

అంచనాలు తారుమారు

సముద్రంలోనూ అనిశ్చితి తప్పలేదు. 1987లో ఓఎన్జీసీ కనుగొన్న రవ్వ క్షేత్రం దశాబ్దాలపాటు చమురును అందించింది. 2002లో రిలయన్స్ సంస్థ కేజీ-డీ6 బ్లాకులో భారీ గ్యాస్ నిక్షేపాలను కనుగొనగా, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి ప్రారంభమైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుందన్నది ప్రణాళిక. 2010లో సుమారు 6 కోట్లకు చేరిన ఉత్పత్తి ఆ తరువాత వేగంగా పడిపోయింది. ప్రణాళిక ప్రకారం బావులు తవ్వకపోవడమే కారణమని ప్రభుత్వం, భూగర్భ స్వరూపం ఊహించినదానికి భిన్నంగా ఉన్నదని సంస్థ వాదించాయి. ఆ గ్యాస్‌ను నమ్ముకొని రాష్ట్రంలో నిర్మించిన విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక నిలిచిపోయాయి. ప్రధాన క్షేత్రాలైన డీ1, డీ3లలో ఉత్పత్తి 2020 ఫిబ్రవరిలో ఆగిపోయింది. అదే బ్లాకులోని వేరే క్షేత్రం నుంచి ఆ ఏడాది డిసెంబరులో మళ్లీ గ్యాస్ వెలువడింది. సమీప లోతు సముద్ర బ్లాకులో ఓఎన్జీసీ 2024 జనవరిలో చమురు ఉత్పత్తి మొదలుపెట్టింది.

బావి దశ దాటినా ముప్పు తొలగదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించారు. నిక్షేపాల అంచనా తప్పితే పెట్టుబడి పోతుంది. భద్రత అంచనా తప్పితే ప్రాణాలే పోతాయి. నరసాపురం బావి నుంచి నేటి వరకు డెల్టా అనుభవం చెబుతున్నది ఇదే. బావి పూర్తిగా పరీక్షించకముందే నిక్షేపాల పరిమాణాన్ని చాటుకోవడం ఎంత తొందరపాటో, పక్కనే ఇళ్లున్న చోట రక్షణ ఏర్పాట్లను వాయిదా వేయడం అంతకు మించిన ప్రమాదం.